‘దొంగ కడుపునొప్పి’ తీర్పు చెల్లదు

పిల్లల కడుపునొప్పి మీద మన ఇళ్లలో విచారణ చాలా తొందరగా ముగుస్తుంది. “మా, కడుపు నొస్తా ఉండాది, ఈపొద్దు ఇస్కూలుకు పోను” అని బిడ్డ నోరు తెరవగానే “నాటకాలాడొద్దు, నిన్న సాయంత్రం బాగానే ఆడుకుంటివి గదా” అని తీర్పు వచ్చేస్తుంది. తిరుపతి అపార్ట్‌మెంట్లలోనూ, పలమనేరు పక్క పల్లెల్లోనూ ఇదే వరస. చదువుకున్న తండ్రి “అటెన్షన్ కోసం చేస్తున్నాడు” అంటాడు. చదువుకోని అవ్వ “బడిదొంగ వేషాలు” అంటుంది. మాటలు వేరైనా ఇద్దరి నమ్మకం ఒకటే: కారణం కనబడని నొప్పి అబద్ధం, ఆ అబద్ధాన్ని మొదట్లోనే తుంచకపోతే బిడ్డ చేయిజారిపోతాడు.

ఈ నమ్మకం తప్పు, ప్రమాదకరం కూడా. బిడ్డ నొప్పి అంటే ముందు నమ్మాలి. కారణం వెతకడం, డాక్టరుకు చూపించడం, బడికి పంపాలా వద్దా అని నిర్ణయించడం అన్నీ ఆ నమ్మిన తర్వాత జరగాల్సిన పనులు. మనం ఈ వరసను తిరగేశాం. నొప్పిని రుజువు చేసుకునే భారం బిడ్డ మీద వేసి, రుజువు దొరకకపోతే దొంగ అంటున్నాం. ఈ తీర్పును సమర్థించే వాదనలు ఎందుకు నిలవవో ఒక్కొక్కటిగా చూద్దాం.

అందరూ ముందుగా చెప్పేది వేళ గురించి. “ఆదివారం రాని నొప్పి సోమవారం పొద్దున్నే వస్తుందే! బడి బస్సు వెళ్లిపోగానే తగ్గిపోతుందే! ఇంకేం సాక్ష్యం కావాలి?” అంటారు. సాక్ష్యమే, కాదనను. కానీ అది దేనికి సాక్ష్యం? ఇంటర్వ్యూకు బయల్దేరే పెద్దమనిషికి కడుపులో తిప్పుతుంది, రెండుసార్లు దొడ్డికి పోవాల్సి వస్తుంది. డాక్టరు ముందు కూర్చోగానే బీపీ పెరిగే వాళ్లు ఎందరో ఉన్నారు. వాళ్లను ఎవరూ నాటకమాడుతున్నారని అనరు. భయం పుట్టినప్పుడు ఒంట్లో అడ్రినలిన్, కార్టిసాల్ ఎక్కువవుతాయి, పేగుల కదలిక మారిపోతుంది. పేగుల గోడల్లో కోట్ల నాడీకణాలు ఉన్నాయి, అవి మెదడుతో ఎడతెగకుండా మాట్లాడుతూనే ఉంటాయి. అందుకే భయం పొట్టలో నొప్పిగా తేలుతుంది. ఆ నొప్పి నిజం. బస్సు వెళ్లిపోగానే తగ్గిందంటే భయపెట్టే వేళ దాటిపోయిందని అర్థం. సోమవారం పొద్దున వచ్చే నొప్పి సోమవారం బడిలో ఏముందో అడగమని చెబుతోంది. మనం ఆ ప్రశ్న అడగకుండా, అడిగించిన బిడ్డను కసురుతున్నాం.

తర్వాతి వాదన రిపోర్టుల గురించి. “స్కానింగ్ తీయించినాం, రక్తపరీక్ష చేయించినాం, అంతా నార్మలే. డాక్టరే ఏమీ లేదన్నాడు.” ఏమీ లేదన్న మాటను ఇల్లు చేరేలోపు అబద్ధం అన్న మాటగా మార్చేస్తారు. స్కానింగులో రాయి కనిపిస్తుంది, వాపు కనిపిస్తుంది, నొప్పి కనిపించదు. మైగ్రేన్‌తో తల పట్టుకుని పడుకున్న పెద్దవాళ్ల స్కానింగు కూడా శుభ్రంగానే ఉంటుంది. బ్రిటన్ పిల్లల వైద్యుడు జాన్ ఆప్లీ 1958లో వెయ్యిమంది బడిపిల్లల మీద చేసిన సర్వే ప్రచురించాడు. పదిమందిలో ఒకరికి పైగా పిల్లలకు పదేపదే కడుపునొప్పి వస్తోందని అందులో తేలింది. అలాంటి పిల్లల్ని లోతుగా పరీక్షిస్తే ఒంట్లో జబ్బు దొరికింది నూటికి పదిమందిలోపే. మిగిలిన తొంభైమందికి పైగా పిల్లలు అబద్ధాలకోరులని ఆయన తేల్చలేదు. వాళ్ల ఇంటినీ బడినీ మనసునీ చూడాలన్నాడు. ఈనాటి వైద్యం దీన్ని ఫంక్షనల్ కడుపునొప్పి అంటుంది. నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ వైద్య సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించినప్పుడు, నొప్పి ఉందని మనిషి చెప్పిన మాటను గౌరవించాలని స్పష్టంగా చేర్చింది. ఆ మనిషి ఎనిమిదేళ్ల బిడ్డ అయితే గౌరవం అక్కర్లేదా?

పిల్లల నొప్పిని కొట్టిపారేసిన చరిత్ర వైద్యులకూ ఉంది. పసికందులకు నొప్పి పెద్దగా తెలియదన్న నమ్మకంతో 1980ల దాకా ఎన్నో దేశాల్లో వాళ్లకు సరిపడా మత్తు ఇవ్వకుండానే ఆపరేషన్లు చేసేవారు. ఇండోర్‌లో వైద్యం చదివి ఆక్స్‌ఫర్డ్‌కు వెళ్లిన కన్వల్‌జీత్ ఆనంద్ ఆ నమ్మకాన్ని పరీక్షకు పెట్టాడు. నెలలు నిండకుండా పుట్టిన పిల్లల్లో కొందరికి ఆపరేషన్ వేళ బలమైన నొప్పిమందు కూడా ఇచ్చి చూశారు. వాళ్ల ఒంట్లో ఒత్తిడి హార్మోన్లు తగ్గాయి, ఆపరేషన్ తర్వాతి చిక్కులూ తగ్గాయి. 1987లో ఆ ఫలితాలు వెలువడ్డాక వైద్యలోకం తన పద్ధతి మార్చుకుంది. నొప్పి అంతకుముందూ అంతే ఉంది, నమ్మేవాళ్లు లేకపోయారు.

“చోటు మారుస్తాడు. నిన్న మోకాలన్నాడు, ఈపొద్దు మోచెయ్యి అంటాడు. అబద్ధం చెప్పేవాడికి నిన్న ఏం చెప్పినాడో గుర్తుండదు గదా!” ఇది చాలా ఇళ్లలో తిరుగులేని ఆధారంగా చెల్లిపోతున్న మాట. నాకు అన్నిటికంటే భయం వేసేది దీన్ని చూసే. ఐదు నుంచి పదిహేనేళ్ల పిల్లలకు గొంతునొప్పి వచ్చి తగ్గిన రెండు మూడు వారాలకు కీళ్లవాత జ్వరం రావచ్చు. దాని గుర్తే అది: నొప్పి ఒక కీలు వదిలి ఇంకో కీలుకు పోతుంది, కొన్నాళ్లకు దానంతటదే తగ్గినట్టు కనిపిస్తుంది. తగ్గింది గదా, నాటకమే అని ఇంట్లో నిశ్చింతగా ఉంటారు. లోపల గుండె కవాటాలు దెబ్బతిని ఉండొచ్చు. సమయానికి గుర్తిస్తే మూడు నాలుగు వారాలకోసారి వేసే పెన్సిలిన్ సూదితో జబ్బు తిరగబెట్టకుండా ఆపొచ్చు. అపెండిక్స్ నొప్పి కూడా చాలాసార్లు ముందు బొడ్డు చుట్టూ మొదలై గంటల తర్వాత కుడిపక్క కిందికి దిగుతుంది. అంటే చోటు మారడం అబద్ధానికి గుర్తు కాకపోగా, కొన్ని జబ్బుల్లో వెంటనే ఆసుపత్రికి పరుగెత్తమని చెప్పే గుర్తు.

పిల్లల గుండెజబ్బుల కోసమే తిరుపతిలో 2021 అక్టోబరులో టీటీడీ శ్రీ పద్మావతి హృదయాలయం తెరిచింది. స్విమ్స్, రుయా ఆసుపత్రులూ ఉన్నాయి. ఇంత వైద్యం అందుబాటులో ఉన్న ఊళ్లు సీమలో తక్కువ. అయినా ఏ ఆసుపత్రీ ఇంటికొచ్చి బిడ్డను పిలుచుకుపోదు. ఆ గడప దాకా బిడ్డ చేరాలంటే ముందు ఇంట్లో ఒక్కరైనా నొప్పి మాట నమ్మాలి. ఆసుపత్రి అక్కర్లేని నొప్పులూ ఉంటాయి. రాత్రి కాళ్లు పీకుతున్నాయని ఏడ్చి పొద్దున్నే పరుగులు తీసే పిల్లలు ఉంటారు. ఎదిగే వయసులో వచ్చే ఈ నొప్పులు ప్రమాదం లేనివే, పొద్దుటికి పోయేవే. పోయినంత మాత్రాన రాత్రి లేనట్టు కాదు. అప్పుడు కావాల్సింది కాళ్లకు కాస్త నూనె రాసి ఒత్తే చెయ్యి.

ఇక అలసట సంగతి. నొప్పికైనా కొన్ని ఇళ్లలో వాము నీళ్లు దొరుకుతాయి, అలసటకు తిట్లే దొరుకుతాయి. “ఈ వయసులో అలుపేంది? మేము నాలుగు మైళ్లు నడిచి పోయినాం” అంటారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఆర్నెల్ల నుంచి ఐదేళ్ల లోపు పిల్లల్లో 63.2 శాతం మందికి రక్తహీనత ఉంది. 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో 58.8 శాతం మందికి ఉంది. తల్లికి నెత్తురు తక్కువ, బిడ్డకు నెత్తురు తక్కువ. అలాంటి ఇంట్లో బిడ్డ మెట్లెక్కి ఆయాసపడితే, సాయంత్రానికి పుస్తకం మీద వాలిపోతే అది సోమరితనమా? ప్రభుత్వం ఏటా బడుల్లో నులిపురుగుల మాత్ర మింగిస్తోంది, ఐరన్ మాత్రలు ఇస్తోంది. 2023 మార్చి నుంచి మధ్యాహ్న భోజనానికి తోడు వారంలో మూడు రోజులు రాగిజావ పోసింది. పిల్లల నీరసం నిజమని సర్కారే ఒప్పుకుంది. ఒప్పుకోవాల్సింది ఇంట్లో వాళ్లే.

నిద్ర లెక్క కూడా చూడండి. పదమూడేళ్లు దాటిన పిల్లలకు రోజుకు ఎనిమిది నుంచి పది గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతారు. తెల్లవారకముందే లేపి, రాత్రి పొద్దుపోయే దాకా స్టడీ అవర్లలో కూర్చోబెట్టే హాస్టళ్లలో ఆ లెక్క ఎక్కడ కుదురుతుంది? అక్కడి నుంచి ఫోన్ చేసి “నాయనా, తలనొప్పిగా ఉండాది, వచ్చి పిలుచుకోని పో” అంటే “ఫీజు కట్టేసినాం, ఓర్చుకో” అనే జవాబు వస్తుంది. ఈ చదువుల తీరు మీద ఇదే గడ్డకు చెందిన నామిని సుబ్రహ్మణ్యం నాయుడు ‘చదువులా? చావులా?’ అని పుస్తకమే రాశారు. ఆ ప్రశ్న ఇంకా అలాగే నిలిచి ఉంది. సాయంత్రం పూట తలనొప్పి అనే బిడ్డకు నల్లబల్ల సరిగా కనబడకపోవడమూ కారణం కావొచ్చు. 2019 అక్టోబరులో మొదలైన సర్కారు కంటి వెలుగు పథకం తొలి విడతలో బడిపిల్లల కళ్లనే పరీక్షించింది అందుకే. అద్దాలతో పోయే తలనొప్పిని తిట్లతో పోగొట్టలేం.

నీరసాన్ని మందబుద్ధిగా లెక్కగట్టిన ఉదాహరణ మన మదనపల్లెలోనే ఉంది. 1895లో అక్కడ పుట్టిన జిడ్డు కృష్ణమూర్తిని చిన్నతనంలో మలేరియా వదల్లేదు. జ్వరాలతో చాలాకాలం బడికి దూరమయ్యాడు. పరధ్యానంగా, బలహీనంగా ఉండే ఆ పిల్లవాణ్ణి ఉపాధ్యాయులు మందమతి అన్నారు, కొట్టారు. 1909లో తండ్రితో మద్రాసు చేరాక మైలాపూరు బడిలోనూ బెత్తం దెబ్బలు తప్పలేదు. ఆయన పెద్దయ్యాక భయం లేని చదువు గురించి జీవితాంతం మాట్లాడారు, మదనపల్లె దగ్గరి రిషివ్యాలీ బడి ఆ ఆలోచనతోనే నడిచింది. ప్రతి నీరసపు పిల్లవాడూ తత్వవేత్త అవుతాడని నేననను. అవ్వకపోయినా దెబ్బలకు అర్హుడు కాడు. జ్వరంతో వాలిపోయిన ఒంటిని చూసి చదువు రాని మొద్దు అన్న ఆ బడిపంతుళ్ల పొరపాటే ఈనాటికీ మన ఇళ్లలో జరుగుతోంది.

ఇక్కడ ఎదుటి పక్షం గట్టి ప్రశ్న వేస్తుంది. “అన్నీ నిజం నొప్పులేనా? కావాలని చెప్పే పిల్లలు లేరా?” ఉన్నారు. ఫోన్ కోసం, ట్యూషన్ తప్పించుకోవడం కోసం, తమ్ముణ్ణి ఎత్తుకున్న అమ్మ తన వైపు చూడాలని లేని నొప్పి చెప్పే పిల్లలు ఉన్నారు. అయితే వాళ్లు ఆ దారి ఎందుకు పట్టారో చూడాలి. మన ఇళ్లలో బిడ్డ వద్దనడానికి చెల్లుబాటయ్యే కారణాలు ఎన్ని? “భయంగా ఉంది” చెల్లదు. “అలసిపోయినాను” చెల్లదు. “ఆ సారంటే ఇష్టం లేదు” అంటే ఇంకో దెబ్బ. జ్వరం చెల్లుతుంది, కడుపునొప్పి కొంతవరకు చెల్లుతుంది. చెల్లే కారణం ఒక్కటే మిగిలినప్పుడు బిడ్డ దాన్నే వాడుకుంటాడు. పైగా ఆ సాకు నేర్పింది మనం. కాణిపాకం ఉత్సవాలకో, మేనమామ పెళ్లికో పిలుచుకుపోయి, తిరిగొచ్చాక ‘యాజ్ అయామ్ సఫరింగ్ ఫ్రమ్ ఫీవర్’ అని లీవ్ లెటర్ రాయించి, కింద సంతకం పెట్టేది తల్లిదండ్రులే. నిజమైన కారణం రాస్తే ఒప్పుకోరని, జబ్బు పేరు చెబితేనే సెలవు దొరుకుతుందని బిడ్డకు ఆ కాగితమే పాఠం చెప్పింది.

“మొక్కై వంగనిది మానై వంగునా” అని బెత్తం తీసేవాళ్లకు ఒక పరిశోధన సంగతి చెప్పాలి. విక్టోరియా టాల్వర్, కాంగ్ లీ అనే మనస్తత్వ శాస్త్రజ్ఞులు పశ్చిమ ఆఫ్రికాలోని రెండు బడుల్లో మూడు నాలుగేళ్ల పిల్లల్ని పరీక్షించి 2011లో ఫలితాలు ప్రచురించారు. ఒక బడిలో చిన్న తప్పుకూ దెబ్బలు, ఇంకోదానిలో అలాంటి శిక్షలు లేవు. దెబ్బలున్న బడి పిల్లలే ఎక్కువగా అబద్ధం చెప్పారు, చెప్పిన అబద్ధాన్ని పట్టుబడకుండా నిలబెట్టుకోవడంలోనూ వాళ్లే ఆరితేరారు. దొంగనొప్పిని దెబ్బలతో పోగొట్టాలని చూస్తే దక్కేది పోయిన అబద్ధం కాదు, పదునెక్కిన అబద్ధం.

“నమ్మితే అలవాటు పడతారు” అనే వాదనలో కొంత పస ఉంది, దాన్ని దాచను. 2006లో అమెరికాలో లిన్ వాకర్ బృందం పిల్లల చేత కడుపు నిండా నీళ్లు తాగించి, ఆ ఇబ్బంది వేళ కొందరు తల్లిదండ్రుల్ని నొప్పి గురించే అడుగుతూ ఉండమంది, ఇంకొందరిని మాట మళ్లించమంది. నొప్పి గురించే అడిగిన చోట పిల్లల ఫిర్యాదులు దాదాపు రెట్టింపయ్యాయి, మాట మళ్లించిన చోట సగానికి తగ్గాయి. దీన్నిబట్టి నొప్పిని పట్టించుకోకూడదని వాదించేవాళ్లు ఒకటి గమనించాలి. ఆ తల్లిదండ్రులు బిడ్డను దొంగ అనలేదు, కసరలేదు, పక్కనే కూర్చుని వేరే ముచ్చట్లు చెప్పారు. ఆ ప్రయోగం మనకు నేర్పేది నమ్మొద్దని కాదు, నమ్మిన తర్వాత నొప్పినే తవ్వుతూ కూర్చోవద్దని. నమ్మడం వేరు, లొంగడం వేరు. “నొస్తా ఉందా నాయనా, సరే, ఈ నీళ్లు తాగు, కాసేపుండి బయల్దేరదాం” అనే తల్లి బిడ్డను నమ్మింది, బడికీ పంపింది. నొప్పి నిజమని ఒప్పుకున్నంత మాత్రాన ఫోన్ చేతికివ్వాల్సిన పనిలేదు, సెలవు పెట్టాల్సిన పనీ లేదు. జబ్బు లేదని తేలాక, భయం వల్ల బడి మానే బిడ్డను ఎక్కువ రోజులు ఇంట్లో ఉంచుకుంటే భయం పెరుగుతుంది. తోడుండి తొందరగా బడికి చేర్చాలి, చేర్చే ముందు ఆ భయానికి కారణమేదో బడితో మాట్లాడి సరిచేయాలి.

నమ్మకపోవడం వల్ల జరిగే అతిపెద్ద అన్యాయం ఒంటి జబ్బులకు సంబంధించింది కాదు. కేంద్ర స్త్రీ శిశు అభివృద్ధి శాఖ 2007లో పదమూడు రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి ఒక నివేదిక వెలువరించింది. బడికి పోయే పిల్లల్లో 65 శాతం మంది అక్కడ దెబ్బలు తిన్నామన్నారు. సగానికి పైగా పిల్లలు ఏదో ఒక రకమైన లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. అన్ని రకాల హింసా ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. ఆ తర్వాత విద్యాహక్కు చట్టం బడిలో కొట్టడాన్ని, మనసును హింసించడాన్ని నిషేధించింది. 2012లో పోక్సో చట్టం వచ్చింది. చట్టం కదలాలంటే బిడ్డ మాట బయటికి రావాలి. ఆటోలోనో, ట్యూషన్‌లోనో, బంధువుల ఇంట్లోనో తనకు జరిగేదాన్ని చెప్పడానికి ఏడేళ్ల బిడ్డకు మాటలుండవు. తెలిసిన మాట కడుపునొప్పి. ఆ మాటతో తలుపు తడితే నాటకం అని తరిమేశాక ఆ బిడ్డ రెండోసారి తట్టదు. ‘నాయనా పులి’ కథను మనం తరతరాలుగా అబద్ధాలాడొద్దని చెప్పడానికే వాడుతున్నాం. ఆ కథలో చివరికి పులి నిజంగానే వచ్చింది, పిల్లవాడు నిజమే అరిచాడు, రానిది పెద్దలు. ఆ తప్పు పిల్లవాడి ఖాతాలోనే రాయడం న్యాయం కాదు.

తల్లిదండ్రులంతా రాతిగుండెలని నా ఆరోపణ కాదు. శ్రీసిటీలో షిఫ్టుకు పోయే తల్లికి, టమోటా మండీలో కూలికి పోయే తండ్రికి బిడ్డ ఇంట్లో ఉంటే ఒక రోజు సంపాదన పోతుంది. పోయిన కూలి గుర్తొస్తే నొప్పి అబద్ధమైతే బాగుండుననిపిస్తుంది, అనిపించిందే నిజమనుకుంటారు. బిడ్డను బడికి పంపే తల్లికి డబ్బిచ్చేందుకు 2020 జనవరి 9న చిత్తూరులోనే ప్రారంభమైన అమ్మఒడి పథకానికి 75 శాతం హాజరు నిబంధన పెట్టాక హాజరు లెక్క ఇంటి డబ్బు లెక్కతో ముడిపడింది. నిబంధన ఉద్దేశం మంచిదే. అయితే 75 శాతం అంటే నాలుగు రోజుల్లో ఒక రోజుకు వెసులుబాటు ఉన్నట్టే. నొప్పి ఉన్న బిడ్డ ఒక రోజు పడుకున్నందుకు ఏ పథకమూ ఆగదు.

కాబట్టి చేయాల్సింది ఇది. నొప్పి అన్న వెంటనే “సరే” అనాలి. జ్వరం, బరువు తగ్గడం, రాత్రి నిద్రలోంచి లేపే కడుపునొప్పి, దొడ్డిలో నెత్తురు, ఆగని వాంతులు, కీళ్ల వాపు, కుడిపక్క కింద నొప్పి, ఆయాసం ఉంటే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఇవేవీ లేకపోతే బిడ్డ బడిలో నీళ్లు తాగుతోందా, మరుగుదొడ్డికి పోగలుగుతోందా, రెండు రోజులకోసారైనా సాఫీగా విరేచనం అవుతోందా అడగాలి. పిల్లల కడుపునొప్పికి మలబద్ధకం చాలా మామూలు కారణం. శుభ్రంగా లేని దొడ్డికి పోలేక రోజంతా బిగబట్టుకునే ఆడపిల్లలు మన బడుల్లో ఇంకా ఉన్నారు. మనసు సంగతి బడికి తరిమే హడావుడిలో తేలదు, రాత్రి తీరిగ్గా పక్కన పడుకోబెట్టుకుని అడగాలి. చెప్పుకోలేని బాధ ఉందనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేయాలి. ఏ కారణమూ చెప్పనక్కర్లేని సెలవు అప్పుడప్పుడు ఒకటి బిడ్డకు ఇవ్వాలి. అడిగితే దొరుకుతుందని తెలిసిన బిడ్డకు లేని జబ్బు చెప్పాల్సిన అవసరం రాదు. బడులు కూడా లీవ్ లెటర్‌లో నిజమైన కారణం రాస్తే ఒప్పుకోవడం నేర్చుకోవాలి.

ఇంత చెప్పినా “మోసపోతామేమో” అన్న అనుమానం మిగిలితే రెండు నష్టాల్నీ పక్కపక్కన పెట్టి చూడండి. లేని నొప్పిని నమ్మితే పోయేది ఒక రోజు బడి, ఒక రోజు కూలి. ఉన్న నొప్పిని నమ్మకపోతే గుండె కవాటం పోవచ్చు, అపెండిక్స్ పగలొచ్చు, వేధించేవాడు ఇంకో ఏడాది వేధించవచ్చు, వీటన్నిటితో పాటు బిడ్డకు మన మీదున్న నమ్మకం పోతుంది. మొదటి నష్టాన్ని మళ్లీ సంపాదించుకోవచ్చు. రెండోదాన్ని పూడ్చే మార్గం లేదు. పిల్లల చేతిలో మోసపోవడం తల్లిదండ్రులకు అవమానం కాదు, తల్లిదండ్రులు మొయ్యాల్సిన చిన్న ఖర్చు. ఆ ఖర్చు మొయ్యడానికి సిద్ధపడని పెద్దరికానికి బిడ్డను దొంగ అనే హక్కు లేదు.